ఇంటి పక్కన అద్దె వాటా వేసుకోండి, పొలం అమ్మి మాత్రం వద్దు

కొత్తగా ఇల్లు కట్టుకున్న రైతు గృహప్రవేశం అయి ఆరు నెలలు తిరక్కముందే రెండో ఆలోచనలో పడుతున్నాడు. పక్కన సెంటున్నర జాగా ఖాళీగా ఉంది, అందులో ఒక వాటా వేసి అద్దెకిస్తే నెలకు మూడు నాలుగు వేలు వస్తుంది, వానతో పని లేదు, బొబ్బర తెగులుతో పని లేదు, యార్డులో ధరతో అసలే పని లేదు అని. ఆ ఆలోచన రావడంలో తప్పేమీ లేదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల మార్కెట్ జోక్య ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడు గుంటూరు యార్డుకు టిక్కీలు వేసుకుని వెళ్ళి వచ్చినవాడికి నెలనెలా వచ్చే అద్దె మీద మనసు పోకుండా ఎట్లా ఉంటుంది?

అయితే అద్దె ఇల్లు కూడా ఒక సేద్యమే. దానికీ పెట్టుబడి ఉంది, దానికీ పంట రాని నెలలున్నాయి. సొంత జాగాలో, చేతిలో ఉన్న డబ్బుతో ఒక గది వేసుకునే సన్నకారు రైతుకు అది ఆసరా అవుతుంది. అరెకరం అమ్మి రెండంతస్తులు లేపేవాడికి, అప్పు తెచ్చి శ్లాబు పోసేవాడికి అది గుదిబండ అవుతుంది. ఈ రెంటికీ తేడా ఎక్కడుందో లెక్క వేసి చూద్దాం.

కౌలు లెక్క మనకు కొత్త కాదు. పొలం కౌలుకిస్తే ఎరువు, మందు, కూలి అన్నీ కౌలుదారుడివే. చాలా ఊళ్ళలో కౌలు డబ్బు ముందే చేతిలో పడుతుంది. భూమి అరగదు. ఇంటి అద్దె అట్లా కాదు. అద్దెకున్నవాడు వాడుకుంటాడు, బాగుచేయించాల్సింది మీరు. కుళాయి కారితే మీరు, మోటారు కాలితే మీరు, సెప్టిక్ ట్యాంకు నిండితే మీరు. గోడకు వయసు మీద పడుతుంది. అద్దె మొత్తం మిగులేనని లెక్క వేసుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతున్నారు.

ఒక గది, చిన్న వంటిల్లు, బాత్‌రూము కలిపి 220 చదరపు అడుగుల వాటాకు మేస్త్రి 4 లక్షలు చెప్పాడనుకుందాం. నెలకు 3,000 అద్దె అనుకుందాం. మీ ఊళ్ళో ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు, మీ అంకెలు పెట్టుకుని చూసుకోండి. ఏడాదికి 36,000 అని చటుక్కున అనేస్తాం. కానీ ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోగా నెలో రెండు నెలలో ఖాళీగా ఉండక తప్పదు. కాబట్టి పది నెలలే లెక్క వేయండి, 30,000. ఇంటి పన్ను, సున్నం, చిల్లర రిపేర్లకు 4,000 తీసేస్తే మిగిలేది 26,000. నాలుగు లక్షల మీద ఏడాదికి ఆరున్నర శాతం. బ్యాంకులో డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీకి అటూ ఇటూగా ఉంది, అంతే. పైపెచ్చు బ్యాంకులో డబ్బు పిల్ల పెళ్ళికి కావాలంటే వారంలో చేతికి వస్తుంది, గోడలోంచి ఇటుకలు పీకి ఇవ్వలేం గదా. ఇంటి విలువ పెరుగుతుందిగా అంటారు. పట్నం పక్కన పెరుగుతుంది. లోపలి ఊళ్ళలో పెరిగేది జాగా విలువే తప్ప, దాని మీద కట్టిన గది విలువ కాదు.

ఇప్పుడు అదే 4 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీయే 8,000. వచ్చే అద్దె 3,000. నెలనెలా 5,000 చేతినుంచి పెట్టుకుంటూ పరాయి సంసారాన్ని మన గదిలో కాపురం ఉంచుతున్నామన్న మాట. తొమ్మిది శాతానికి బ్యాంకు అప్పు దొరికినా మొదటి ఏడు వడ్డీ 36,000 అవుతుంది. ఒక్క నెలా ఖాళీ లేకుండా అద్దె వచ్చినా అది వడ్డీకే సరి, అసలు అట్లాగే కూర్చుంటుంది. అదే మూడు లక్షలు సొంతంగా పెట్టుకుని, లక్ష మాత్రం నూటికి రూపాయి వడ్డీకి తెచ్చి, మిగిలే ఆ 26,000 ప్రతి ఏడూ అప్పుకే కట్టుకుంటూ పోతే ఆరో ఏట అప్పు తీరిపోతుంది. అందుకే ఖర్చులో ముప్పాతిక వంతు చేతిలో లేనప్పుడు పునాది తీయొద్దంటున్నాను.

పంట రుణం సంగతి ప్రత్యేకంగా చెప్పక తప్పదు. మూడు లక్షల వరకు పంట రుణం ఏడు శాతానికి ఇస్తారు, గడువులో కట్టినవాళ్ళకు మూడు శాతం రాయితీ పోను నాలుగు శాతమే పడుతుంది. ఇంత చవకగా ఇంకెక్కడా దొరకదు. ఆ డబ్బు తెచ్చి సిమెంటులో పోసి, తీరా సీజను వచ్చాక విత్తనాలు, మందులు కొట్లో అరువు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవాళ్ళున్నారు. ఏడాది తిరిగేసరికి బ్యాంకు పుస్తకం తిరగరాయించుకోవాలి, గడువు దాటితే రాయితీ పోతుంది. అటు పంటా ఇటు గదీ రెండూ అప్పులోనే నడుస్తాయి. ఏముందిలే, సర్దుకోవచ్చు అనుకునేదంతా శ్లాబు పడేదాకానే.

ఇక అద్దెకు ఎవరు వస్తారన్న ప్రశ్న. దీని మీద మన జిల్లాలో జరిగినంత పాఠం ఇంకెక్కడా జరగలేదు. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల రైతులు భూసమీకరణలో పొలాలిచ్చారు. ఆ ఏడాది అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన అయింది. 2016లో వెలగపూడికి సచివాలయం వచ్చేసరికి ఉద్యోగులు, ఇంజనీర్లు, పనివాళ్ళు అద్దె ఇళ్ళ కోసం తిరిగారు. తుళ్ళూరు, మందడం, వెలగపూడి వైపు ఉన్న ఇంటి మీద అంతస్తులు లేచాయి, కొందరు అప్పులు చేసి మరీ లేపారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. పనులు ఆగాయి, పనివాళ్ళు మూటలు సర్దుకుని వెళ్ళిపోయారు, టులెట్ బోర్డులు వేలాడాయి. 2024లో ప్రభుత్వం మారి, 2025 మే 2న పనులు మళ్ళీ మొదలయ్యాయి. నాలుగున్నరేళ్ళు గడిచేదాకా ఓర్చుకోగలిగినవాడు అప్పు లేనివాడు. అప్పు ఉన్నవాడికి మళ్ళీ అద్దెలు వచ్చేనాటికి వడ్డీ అసలంత అయి కూర్చుంది.

వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. వచ్చే అద్దె అంతా ఒక్క కారణం మీద నిలబడింది, అదీ అసలు చిక్కు. విద్యార్థులను నమ్ముకున్న ఊళ్ళదీ అదే సంగతి. వడ్లమూడి, నంబూరు, నీరుకొండ, ఐనవోలు వైపు కాలేజీలు, విశ్వవిద్యాలయాల వల్ల గదులకు గిరాకీ ఉంది, నిజమే. వేసవి సెలవుల్లో ఖాళీ. 2020 మార్చిలో కరోనాతో కాలేజీలు మూతపడ్డప్పుడైతే నెలల తరబడి తాళాలే. కాబట్టి మీ ఊళ్ళో అద్దెకు రాగలవాళ్ళు కనీసం మూడు రకాలవాళ్ళు ఉన్నారా అని వేళ్ళ మీద లెక్కపెట్టండి. పంతులుగారో నర్సమ్మో ఒకరు, సచివాలయంలోనో బ్యాంకులోనో పనిచేసేవారు ఒకరు, కోల్డ్ స్టోరేజీలోనో మిల్లులోనో పనికి వచ్చేవారు ఒకరు. మూడు వేళ్ళు ముడవలేకపోతే ఆ డబ్బుతో గేదెను కొనుక్కోవడమే మేలు.

సరే, జాగా ఉంది, డబ్బూ ఉంది, వచ్చేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఇంట్లో ఆడవాళ్ళను అడిగారా? అద్దెవాళ్ళు దిగాక ముందుగా బరువు పడేది వాళ్ళ మీదే. నీళ్ళ దగ్గర మాటా మాటా, బట్టలు ఆరేసే తాడు దగ్గర మాటా మాటా. మగవాళ్ళు పొద్దున్నే చేనుకు పోయి సాయంత్రం వస్తారు, ఈ తగవులు వాళ్ళ చెవిన పడేసరికి చల్లారి ఉంటాయి. అందుకే వాటాకు వీధివైపు వేరే గుమ్మం, వేరే మరుగుదొడ్డి, వేరే కుళాయి ఉండాలి. ఖర్చు కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. గేదెల చావిడి, పంట ఆరబోసుకునే జాగా మాత్రం తీసేయొద్దు. ఇంటి మీద అంతస్తు వేసేవాళ్ళు పునాది, పిల్లర్లు ఆ బరువుకు వేసినవేనా అని ఇంజనీరుకు చూపించండి, మేస్త్రి మాట చాలదు.

కరెంటు మీటరు విడిగా పెట్టించండి. రెండు సంసారాల యూనిట్లు ఒకే మీటరులో పడితే పై శ్లాబు రేటు తగులుతుంది, ఆ పెరిగిన బిల్లు ఎవరిదని తగాదా. ముందుగది కొట్టుకిస్తే ఇంటి మీటరు పనికిరాదు, వాణిజ్య కేటగిరీ తీసుకోవాల్సిందే. ప్రభుత్వ పథకంలో వచ్చిన ఇల్లయితే పట్టాలో షరతులు ఒకసారి చదివించుకోండి. అవి మీరు ఉండటానికి ఇచ్చిన ఇళ్ళు.

నోటిమాట మీద ఇల్లు ఇవ్వొద్దు. బంధువైనా సరే కాగితం రాసుకోండి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు కట్టాలి, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవి ఉంటే చాలు. పదకొండు నెలలకే రాస్తారెందుకని చాలామంది అడుగుతుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన గడువుతో ఇచ్చే లీజు తప్పనిసరిగా రిజిస్టరు కావాలి, అందుకని. నోటీసు సంగతి రాసుకోకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందన్న భయం మన ఊళ్ళలో బాగా ఉంది. అద్దె కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్ళున్నా అద్దెకున్నవాడే. అయితే అద్దె కట్టాడనే రుజువు మీ దగ్గర ఉండాలి గదా, రసీదు పుస్తకమో, ఫోనులో పంపిన లెక్కో దాచిపెట్టుకోండి. కొత్త ఊరివాళ్ళయితే ఆధారు నకలు తీసుకుని స్టేషనులో ఒక మాట చెప్పండి. అద్దె ఇవ్వలేదని కరెంటు పీకడం, తాళం వేయడం మాత్రం చేయొద్దు, కేసు మీ మీదకే తిరుగుతుంది.

అద్దె రాబడి వ్యవసాయ ఆదాయం కిందకు రాదు. ఆదాయపు పన్ను లెక్కలో వచ్చిన అద్దెలో ముప్పై శాతం మరమ్మతుల కింద తీసేస్తారు, మిగిలింది మీ ఆదాయం. ఒకటి రెండు గదుల అద్దెకు పన్ను పడే మాట ఉండదు. కాకపోతే ఆదాయపు పన్ను కట్టినవారికి పీఎం కిసాన్ ఆరు వేలు రావు. కొడుకు ఉద్యోగం డబ్బుతో మూడు నాలుగు వాటాలు వేసి తన పేరునే పెట్టుకునే పెద్దలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

చివరగా ఒక సంగతి. మనుషులకే అద్దెకివ్వాలని ఏముంది? దుగ్గిరాల పసుపు యార్డు చుట్టుపక్కల, మిర్చి పండే ఊళ్ళలో పంట చేతికొచ్చే నెలల్లో నాలుగు బస్తాలు దించుకునే చోటు దొరక్క రైతులు పట్టాలు కప్పి వాకిట్లో కావలి కాస్తున్నారు. చెమ్మ ఎక్కని ఎత్తు అరుగు, బండి వెనక్కి వచ్చి ఆనేంత వెడల్పు తలుపు, బస్తాల కింద చెక్కలు, ఎలుక దూరని కిటికీ వల ఉంటే చాలు. వంటిల్లు అక్కర్లేదు, బాత్‌రూము అక్కర్లేదు, కాబట్టి ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. అద్దె మూడు నాలుగు నెలలే వచ్చినా, మిగతా నెలల్లో ఆ గదిలో మీ ఎరువు బస్తాలు, స్ప్రేయరు, డ్రిప్పు పైపులు పెట్టుకోవచ్చు. ముందు ఇద్దరు ముగ్గురు రైతులతో మాట్లాడి, బస్తాకు నెలకు ఎంతిస్తారో తేల్చుకున్నాకే ఇటుక దింపండి.