వేగము పనిముట్టు పేరులో లేదు

సి ప్లస్ ప్లస్‌లోని సీఔట్ మందగామి, సి భాషలోని ప్రింటెఫ్ శీఘ్రగామి, కావున తెరపై అక్షరములను త్వరగా వెలువరింపగోరువాడు మొదటిదానిని విడిచి రెండవదానిని పట్టవలెనను మాట నేడు ప్రోగ్రామింగు నేర్చు విద్యార్థులలో వేదవాక్యమువలె చెల్లుచున్నది. కారణమడిగినవానికి నేర్పువారును ఈ వాక్యమునే తిరిగి వినిపించుచున్నారు. ఇది నాకు సమ్మతము కాదు. వేగము పనిముట్టు పేరులో లేదు. ఆ పనిముట్టు ఆపరేటింగ్ సిస్టమ్ గడప ఎన్నిమారులు తొక్కినదను లెక్కలో నున్నది.

దుమ్ముగూడెమువారికి ఈ సంగతి బోధపరచుట కష్టము గాదు. గోదావరిని ఎగువదాక నౌకాయానమునకు అనుకూలపరుపవలెనని పందొమ్మిదవ శతాబ్దమున కాటన్ దొర తలపోయగా, హేగ్ అను ఇంజనీరు పర్యవేక్షణమున, ఇచ్చటి రాతిబండల అవరోధమును పడవలు దాటుటకై ఆనకట్టయు, కాలువయు, లాకులును వెలసినవి. 1871లో ఆ పథకము నిలిచిపోయినది. లాకులోనికి పడవ వచ్చినపుడు వెనుక తలుపులు మూసి, నీటిమట్టము సరిపోవువరకు వేచి, ఎదుటి తలుపులు తెరువవలెను. లోపల ఒక్క దోనె యున్నను, పట్టినన్ని పడవలున్నను ఆ శ్రమ తప్పదు. ప్రోగ్రామునుండి ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డగు కెర్నెల్‌లోనికి పోవు ‘రైట్’ అను సిస్టమ్ కాల్ అట్టిది. పంపునది ఒక బైటైనను, వేల బైట్లైనను గడప దాటు ఖర్చు ఉండనే యుండును. బఫరనగా పడవలు కూడువరకు వాటిని నిలుపుకొను రేవు.

సీఔట్‌పై వచ్చిన అపవాదునకు ఆధారమే లేదని నేననను. ప్రింటెఫ్‌తో కలిపి వాడినను వరుస తప్పకుండునట్లు అది మొదటినుండియు దానితో ముడివేయబడి యుండును. సింక్ విత్ ఎస్‌టీడీఐఓ అను ఫంక్షనునకు ‘ఫాల్స్’ అని తెలిపినచో ఆ ముడి వీడును. (అటుపిమ్మట రెంటిని కలిపి వాడరాదు, వాడినచో ముందుమాట వెనుకకు పోవచ్చును.) అంతకంటె గొప్ప దోషము వరుస చివర ఎండెల్ వ్రాయు అలవాటు. అది క్రొత్త వరుసను మొదలిడి ఊరకుండదు, బఫరును అప్పటికప్పుడు ఖాళీ చేయించును. లక్ష వరుసలు ముద్రించు విద్యార్థి లక్ష మారులు లాకు తెరిపించి పిమ్మట భాషను నిందించుచున్నాడు. ప్రింటెఫ్ వెంట ప్రతి వరుసకు ఎఫ్‌ఫ్లష్ పిలిచినవానికిని అదే గతి పట్టును. పైథాన్‌లో ముక్కలను జాయిన్‌తో కూర్చి ఒక్కమారు వ్రాయుటయు, జావాలో బఫర్డ్ రైటరును ఆశ్రయించుటయు ఈ వ్యాధికి వాడు మందులే.

కొలుచు పద్ధతియు సరియైనది కాదు. తెరపై పరుగెత్తు వరుసలను చూచి కాలము లెక్కించువాడు ప్రోగ్రాముతోబాటు, అక్షరరూపములను చిత్రించుచు తెరను పైకి జరుపు టెర్మినలునుగూడ కొలుచుచున్నాడు. ఫలితమును ఫైలునకు మళ్లించినచో ఆ చిత్రణభారము తొలగుటయే గాక, సి లైబ్రరీ సాధారణముగా వరుసవరుసకు పంపుట మాని బఫరు నిండినపుడే పంపును.

అట్లని సర్వత్ర బఫరు నిండువరకు వేచియుండుమని నా మతము గాదు. ప్రోగ్రాము నడుమ కూలినచో రేవున నిలిచిన మాటలు నశించును; అందుచేతనే తప్పులు తెలుపు ఎస్‌టీడీ ఎర్ బఫరులో నిలువక వెడలునట్లు పెద్దలు ఏర్పరచిరి.

కారణమెరుగక సూత్రమును మాత్రమే వల్లించినవాడు వేగముకొఱకు తానే బఫరు కట్టుకొనబోయినపుడు మన భాషకు కీడు కలుగును. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతమొక్కొక్కటి మూడు బైట్లు. ‘దుమ్ముగూడెం’ అను పేరు గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న కలుపుకొని 11 సంకేతములు, 33 బైట్లు. ఇంగ్లీషు లెక్కకు అలవడి 11 బైట్లకే చోటుంచి, మిగిలినదానిని ఖండించినచో ఆ పేరు ‘దుమ’ వద్ద ఆగి, పొల్లులోని మూడు బైట్లలో రెండు మాత్రమే లాకు దాటిపోవును.