సహాయకుడే యజమాని అయితే



తెలుగు పండితుడికి హీట్ పంపుతో పనేమిటని కొందరు నవ్వవచ్చు. చలికాలంలో అమెరికాలో పిల్లల ఇంట గడిపే తల్లిదండ్రులకు గోడమీది థర్మోస్టాట్ తెర నిత్యదర్శనమే గదా! దానిమీద కనిపించే "ఆక్స్ హీట్" అనే రెండు మాటల చుట్టూ ఎంత అజ్ఞానం, ఎంత వ్యాపారం అల్లుకొని ఉన్నవో ఈ శీతకాలం నార్త్ కరోలినాలో చూశాను. చూసి ఊరకుండడం నా స్వభావం కాదు.

ముందు పదార్థం తెలుసుకుందాం. ఆగ్జిలరీ అనగా సహాయకము. వాక్యంలో సహాయక క్రియ ప్రధాన క్రియకు తోడుగా నిలుస్తుందే గాని దాని స్థానాన్ని ఆక్రమించదు. ఇంట్లోనూ అంతే. హీట్ పంపు వేడిని పుట్టించదు; బయటి గాలిలోని వేడిని తోడి లోపలికి తెస్తుంది. కావున బయట 40 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా, ఒక యూనిట్ కరెంటుకు ఇంచుమించు రెండున్నర, మూడు యూనిట్ల వేడినివ్వగలదు. ఆక్స్ హీట్ అంటారా, అది మనం బకెట్లో వేసే హీటరు రాడ్డుకు పెద్దన్న. ఎంత కరెంటు తింటే అంతే వేడి. 10 కిలోవాట్ల రాడ్లు గంటసేపు కాలితే 10 యూనిట్లు ఖర్చు.

ఇక లోకంలో చెలామణి అవుతున్న వాదాలు చూడండి.

"చలికాలం గదా, ఆక్స్ రావడం సహజమే" అన్నది మొదటిది. గడ్డకట్టే చలిలో పంపు ఒక్కటే చాలనప్పుడు రావలసిందే. బయటి యంత్రం తనమీద పేరుకున్న మంచును కరిగించుకొనే కొద్ది నిమిషాలూ రావలసిందే. అప్పుడు పొగవంటి ఆవిరి లేస్తే బెంబేలు పడనక్కరలేదు. కాని బయట 45 డిగ్రీలుండగా, థర్మోస్టాట్‌ను ఎవరూ ముట్టకుండానే గంటల తరబడి రావడం సహజమా? జ్వరపీడితుణ్ణి చూసి "మనిషన్నాక ఒళ్ళు వెచ్చగా ఉండదా" అన్నట్లున్నది!

"రాత్రి తగ్గించి పొద్దున పెంచితే ఆదా" అన్నది రెండవది. ఇది గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంటి సూత్రం. రాత్రి 62కు దించి, తెల్లవారగానే ఒక్కసారి 70కి పెంచితే, పంపు ఒక్కటే అందుకోలేదని మామూలు థర్మోస్టాట్ రాడ్లను పిలుస్తుంది. రాత్రి మిగిలినది పొద్దున పోతుంది. హీట్ పంపుకోసం ప్రత్యేకంగా చేసిన థర్మోస్టాట్ లేనప్పుడు ఒకే మితమైన స్థాయిలో ఉంచడమే మేలని అమెరికా ఇంధన శాఖ కూడా చెబుతున్నది.

"చలి ముదిరితే ఎమర్జెన్సీ హీట్ నొక్కండి" అన్నది మూడవది. అది పంపును పూర్తిగా ఆపి, ఇంటి భారమంతా రాడ్లమీద వేస్తుంది. పంపు చెడినప్పుడు తప్ప దానితో పని లేదు.

నాలుగవది అన్నిటికన్న ఘోరం: "యంత్రం పాతబడింది, కొత్తది పెట్టించండి." కరెంటు బిల్లు రెట్టింపైందని మా అబ్బాయి పిలిస్తే, ఒక సంస్థ మనిషి పావుగంటలో ఇచ్చిన తీర్పు ఇది. ఫిల్టరు తీసి చూడలేదు. యంత్రంలో గ్యాసు తగ్గిందేమో కొలవలేదు. వెల మాత్రం వేల డాలర్లలో చెప్పాడు. రెండవ మనిషిని పిలిపించమని పట్టుబట్టాను. అతడు క్లాంప్ మీటరు పెట్టి చూస్తే, తెరమీద ఆక్స్ గుర్తు లేనప్పుడు కూడా రాడ్లకు కరెంటు పారుతూనే ఉన్నది. రిలే అతుక్కుపోయిందట. అది మార్చాడు, వెళ్ళాడు. పంపు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నది.

నా ఆగ్రహం ఆ మొదటి మనిషిమీద మాత్రమే కాదు. ప్రోగ్రాములో ఒక్క దోషం కోసం రాత్రంతా మేలుకొని వెతికే మన పిల్లలు, తమ ఇంటి యంత్రం విషయంలో ఏ పరీక్షా లేని తీర్పును తలవంచి ఒప్పుకుంటారేమి? ఏమి కొలిచావు, ఎంత వచ్చింది, ఎంత ఉండాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పనివాడికి చెక్కు రాయకండి. ఫిల్టరు మార్చడం, బయటి యంత్రం చుట్టూ ఆకులూ మంచూ తీయడం మీరే చేసుకోవచ్చు. లోపలి మూత విప్పే సాహసం మాత్రం వద్దు. అక్కడ 240 వోల్టులుంటాయి.

సెలవు.