ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశాఖ మంత్రిగారికి



ఇంటింటి క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, ప్రోస్టేట్ లేదు. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ పరీక్షను అందరికీ చేయమని అడగడం లేదు. ఆ రక్తపరీక్షలో అంకె పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదు. కానీ తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చినవాళ్ల సంగతి వేరు. 45 దాటిన అలాంటివాళ్లకైనా లాభనష్టాలు విడమరిచి చెప్పి, సరేనంటే ఉచితంగా చేయించండి.

పల్లెల్లో రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేచినా, ధార సన్నబడినా వయసు మీద పడిందనుకుంటారు. చాలాసార్లు అది నిజమే కూడా. కొందరు మాత్రం నడుంనొప్పికి బిళ్లలు మింగి మింగి, క్యాన్సర్ వెన్నెముకకు పాకాక పెద్దాసుపత్రికి చేరుతున్నారు. ఆశా కార్యకర్త ముందు మూత్రం మాట ఎత్తాలంటే పెద్దాయనకు సిగ్గు. మూత్రం ఇబ్బందుల గురించి అడగడానికి మగ ఆరోగ్య కార్యకర్తలను పంపండి. మీ ఇంట్లో ఎవరికైనా ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందా అన్న ప్రశ్న సర్వే ఫారంలో చేర్చండి.