దారి బత్తెం, తిరుగు బత్తెం

ప్రయాణానికి కావలసిన డబ్బును మన పెద్దలు దారి బత్తెం అన్నారు. మాట చిన్నదే గాని అందులో లెక్క వుంది. బత్తెం అంటే రోజుకింత అని కొలిచి ఇచ్చేది. పెట్టెలో ఎంత వున్నదని కాదు, అది రోజుకు ఎంత చొప్పున వస్తుందో చూసుకోమంటుంది ఆ మాట. పెట్టెను చూసి బయలుదేరిన వాడు సగం దారిలో ఇంటికి ఉత్తరం రాస్తాడు. బత్తెం చూసి బయలుదేరిన వాడు తన కాళ్ళ మీద ఇల్లు చేరతాడు.

ఈ వారం ఈ మాట ఎత్తడానికి కారణం ఎమ్మిగనూరులో వున్న ఒక రిటైర్డు మేష్టారు. ఆయన కూతురు ఇంటరులో మా ఆదోని కాలేజీలో నా దగ్గర తెలుగు చదువుకున్నది. తర్వాత ఇంజనీరింగు చదివి బెంగుళూరులో ఏడేళ్ళు ఉద్యోగం చేసి పద్దెనిమిది లక్షలు కూడబెట్టింది. ఇప్పుడు ఉద్యోగం ఒక ఏడాది మానుకొని ఆ డబ్బుతో దేశాలు చూసి వస్తానంటుంది. మేష్టారుకు అదే డబ్బుతో ఎమ్మిగనూరులో ఇంటి స్థలం కొనాలని వుంది.

“ఏం సార్, స్థలమయితే యాడికీ పోదు గదా! ఈ డబ్బు గాలికి పోతాది. తిరిగొచ్చినాక దీనికి ఉద్యోగం దొరక్కపోతే?” అన్నారాయన.

“నాయనా, నలభై ఏళ్ళొచ్చినాక నన్నెవరు పోనిస్తారు?” అన్నది పిల్ల.

ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. స్థలమా, ప్రయాణమా అన్నది వాళ్ళ ఇంటి సంగతి. ప్రయాణమే అయితే లెక్క ఎలా వుండాలన్నది మాత్రం మనందరి సంగతి. ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ చదువుకో, చూడడానికో పరదేశం వెళ్ళే పిల్లలున్న ఇళ్ళు ఇప్పుడు అరుదేమీ కాదు.

తెలుగు పంతులుకు డాలర్ల గొడవ ఎందుకని మీరనవచ్చు. నాకు ఈ విషయంలో గురువు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా వుండిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. వెంట నూరుమంది దాకా పరివారం. తిరుపతి, అహోబిలం, ఆ పైన శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకొని సముద్రతీరం వెంట తిరిగి వచ్చారు. దారి పొడవునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి రాసిన సంగతులే కాశీయాత్ర చరిత్ర, 1838లో అచ్చయింది. విదేశయాత్ర కాదు గదా అంటారేమో. ఆ రోజుల్లో కందనవోలు నవాబు ఏలుబడి ఒకటి, నిజాముది ఒకటి, నాగపూరు భోంసలేలది ఒకటి, కుంపిణీది ఒకటి. ప్రయాగలోనూ గయలోనూ యాత్రికుల మీద కుంపిణీవారు పన్ను కూడా పుచ్చుకొనేవారు. 1840లో గాని అది పోలేదు.

ఆ పుస్తకం భక్తి కోసం చదివేవారున్నారు, చరిత్ర కోసం చదివేవారున్నారు. ఇల్లు నడిపేవారు కూడా చదవాలంటాను. ఏ మజిలీలో అంగళ్ళున్నాయి, ఏ వూళ్ళో సామాను దొరకదు, ఎక్కడ నీళ్ళు మంచివి అని వూరు వూరునా రాస్తూ పోయారాయన. రేపటి మజిలీలో ఏమీ దొరకదని తెలిసిన వాడు ఇవాళే మూట కడతాడు. ఖర్చు లెక్కలో సగం ముందుచూపే.

ఇంకొక చిక్కు రూపాయలది. కుంపిణీ సీమలన్నిటికీ ఒకే రూపాయి అని చట్టం వచ్చింది 1835లో. అంతకు ముందు రాజ్యానికొక నాణెం. ఇక్కడి రూపాయి అక్కడ చెల్లించాలంటే షరాబు దగ్గరకు పోయి వట్టం ఇచ్చుకోవాలి. ఆ షరాబు ఇప్పుడు చాప మీద కూర్చోవడం లేదు గాని, పోనూ లేదు. మన బాంకు కార్డును పరదేశంలో గీస్తే చాలా కార్డుల మీద నూటికి రెండు నుంచి మూడున్నర దాకా అదనంగా పడుతుంది. దాని మీద పన్ను వేరు. పైగా దుకాణంలో యంత్రం మర్యాదగా అడుగుతుంది: “రూపాయల్లో ఇస్తారా, ఈ దేశపు డబ్బులో ఇస్తారా?” అని. మన రూపాయి కనబడగానే ప్రాణం లేచి వచ్చి అది నొక్కుతాం. వట్టం ఎక్కువ పడేది అక్కడే. ఆ దేశపు డబ్బునే ఎంచుకోవాలి.

మారకపు రేటు మన చేతిలో లేనిది. 1966 జూన్ 6న ఒక్క రోజున డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలయింది. 2025 డిసెంబరులో 90 రూపాయలు దాటింది. ఏడాది ప్రయాణంలో రేటు మారదని నమ్మడం, కరువు సీమలో వానను నమ్మి అప్పు చేయడం లాంటిది.

అసలు, ఒక్కసారి వచ్చిన రొక్కాన్ని పన్నెండు నెలలకు సర్దడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్ముకున్న రైతు చేసేది అదే. కొన్ని వారాల్లో చేతికొచ్చిన డబ్బు మళ్ళీ పత్తి పగిలేదాకా నిలవాలి. విత్తనాలకు ఇంత అని ముందు తీసి కట్టి, మిగతాది ఇంట్లో ఇస్తాడు తెలిసిన రైతు.

వానలు ముఖం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పక్కల నుంచి కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు సీమలో మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి. ముసలివాళ్ళను ఇంటి దగ్గర వుంచి, గిన్నెలు, గింజలు మూట కట్టుకొని, పిల్లల బడి మాన్పించి మరీ పోతారు. వాళ్ళ వలసను మనవాళ్ళ విహారంతో పోల్చడం తగదు. వాళ్ళు పోయేది సంపాదనకు, వీళ్ళు పోయేది ఖర్చుకు. కానీ ఒక్క సంగతి వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. గింజలు మూట కట్టుకొని పోయేది ఎందుకు? అక్కడి అంగట్లో కొంటే కూలి అక్కడే కరిగిపోతుందని. తిరిగి వచ్చేనాటికి చేతిలో ఎంత మిగులుతుందన్నదే వాళ్ళ లెక్క. మన చదువుకున్న లెక్కల్లో తరచు కనబడనిది ఆ తిరుగు బత్తెమే.

కనుక మేష్టారు ముందర కాగితం పెట్టి, మొదటి పంక్తిలో అదే వేశాను. పద్దెనిమిది లక్షల్లో మూడు లక్షలు తిరుగు బత్తెం. పిల్ల తిరిగి వచ్చాక ఉద్యోగం దొరికేదాకా ఆరు నెలలు బెంగుళూరులో బతకడానికి. అది కార్డుకు అందని చోట వుండాలి. ఇంకొక లక్ష ఇంటి దగ్గర ఎవరికయినా జబ్బు చేస్తే ఉన్నపాటున టిక్కెట్టు కొని రావడానికి. మిగిలినది పద్నాలుగు.

తర్వాత పడుగు, పేక వేరు చేశాం. మగ్గం తెలిసిన ఎమ్మిగనూరు వారికి ఇది చెప్పనక్కరలేదు. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టి, 1954లో పద్మశ్రీ అందుకున్న వూరు అది. పడుగు ముందుగా సాగదీసి కట్టేది. తర్వాత మార్చడానికి వుండదు. విమానం టిక్కెట్లు, వీసాలు, ఆరోగ్య బీమా పడుగు. తిండి, బస, బస్సు పేక. రోజూ చేతితో వేసేది, బిగించడానికీ వదలడానికీ వీలుండేది. పడుగుకు నాలుగు లక్షలు వేశాం. బీమా దగ్గర పిసినారితనం పనికిరాదు. ఐరోపాలో షెంజెన్ వీసా ఇచ్చే దేశాలు కనీసం 30,000 యూరోల బీమా లేనిదే వీసాయే ఇవ్వవు.

మిగిలిన పదిలో ఒక లక్ష మారకపు రేటు కోసం పక్కన పెడితే, పేకకు తొమ్మిది లక్షలు. నెలకు డెబ్బై అయిదు వేలు. రోజుకు రెండున్నర వేలు. ఇదీ బత్తెం! వినడానికి బాగానే వుంది గాని, పారిస్‌లో మంచం ఖర్చుకే అది చాలదు. వియత్నాంలోనో, నేపాలులోనో అయితే అందులో మిగులుతుంది కూడా. అందుచేత ఏడాదిని రెండు ముక్కలు చేశాం. తొమ్మిది నెలలు చవక దేశాల్లో రోజుకు పదిహేను వందలు: నాలుగు లక్షల అయిదు వేలు. మూడు నెలలు ఐరోపాలో, వంట తానే చేసుకుంటూ రోజుకు అయిదున్నర వేలు: నాలుగు లక్షల తొంభై అయిదు వేలు. రెండూ కలిపితే సరిగ్గా తొమ్మిది లక్షలు. షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి వుండనివ్వరు గనుక, ఆ నిబంధనే మన పిల్లకు పొదుపు నేర్పే పెద్దమ్మ అయింది.

ఇక డబ్బు ఎక్కడ వుంచడం? అంతా ఒకే ఖాతాలో పెట్టి దాని కార్డు సంచిలో వేసుకొని తిరగడమంటే, ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తికి కట్టి గుమ్మానికి తగిలించడమే. పేక డబ్బును పన్నెండు చిన్న డిపాజిట్లు చేసి, నెలకొకటి గడువు తీరేలా వేయించుకోవచ్చు. కార్డున్న ఖాతాలో ఏ నెల డబ్బు ఆ నెలే వుంటుంది. పోతే ఒక నెల పోతుంది గాని ఏడాది పోదు. కార్డులు రెండు వుండాలి; రెండూ ఒకే సంచిలో వుండకూడదు. బాంకు రహస్యపు అంకె వచ్చే మన దేశపు ఫోను నంబరు ఏడాది పొడవునా బతికి వుండాలి. అది చచ్చిందంటే ఖాతాలో లక్షలుండీ చేతిలో కాసు లేని వాళ్ళమవుతాం.

1960లలో అమెరికా చదువులకు వెళ్ళిన వాళ్ళు జేబులో ఎనిమిది డాలర్లతో విమానమెక్కామని చెబుతుంటారు. సర్కారు అంతకు మించి ఇచ్చేది కాదు. 2004లో రిజర్వు బాంకు కొత్త పద్ధతి పెట్టింది. 2015 నుండి ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చునన్నది. మన మధ్యతరగతి వారికి ఆ హద్దుతో పేచీ రాదు. పేచీ వచ్చేది పన్నుతో. ఆర్థిక సంవత్సరంలో కొంత హద్దు దాటితే బాంకువారు ముందే పన్ను వసూలు చేస్తారు. 2025 ఏప్రిల్‌లో ఆ హద్దును 10 లక్షలు చేశారు. తర్వాత మన ఆదాయపు పన్ను లెక్కలో అది సర్దుబాటు అవుతుంది గాని, ప్రయాణం మధ్యలో చేతిలో లేని డబ్బు లేనిదే గదా! అక్టోబరులో బయలుదేరి, కొంత మార్చిలోపల, కొంత ఏప్రిల్ తర్వాత మార్చుకుంటే ఖర్చు రెండు సంవత్సరాలకు పడుతుంది. బడ్జెటుకు బడ్జెటుకు మారే సంగతి ఇది. వెళ్ళే ముందు బాంకులో అడిగి తీరాలి.

లెక్క పూర్తయ్యాక మేష్టారు కళ్ళద్దాలు తీసి, “ఈ లెక్కన పాపకు బిగువుగానే వుంటాది సార్. నా ప్రావిడెంటు ఫండులోంచి రెండు లక్షలు ఇస్తే?” అన్నారు. అప్పటిదాకా వద్దన్న మనిషే! తండ్రి గుండె అంతే.

“మీరు ఇవ్వద్దు నాయనా,” అన్నది పిల్ల. “మీది మీరు పెట్టుకోండి. డబ్బులు ఐపోతే నేను పది నెలలకే వచ్చేస్తా.”

ఆ మాటతో నా మనసు ఆ పిల్ల పక్షానికి మొగ్గింది. ఏడాది అనుకున్నంత మాత్రాన ఏడాదీ తిరగాలని శాసనం లేదు. డబ్బు తగ్గితే రోజులు తగ్గించుకోవాలి గాని అప్పు చేసి రోజులు నింపుకోకూడదు. కన్నవారి ముసలితనపు డబ్బుతో అసలే నింపుకోకూడదు.

స్థలం మాట ఏమయిందంటారా? ఇంకా తేలలేదు. మేష్టారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, “మూడు లక్షల పంక్తి మాత్రం కొట్టెయ్యగూడదు,” అని కూతురి దగ్గర మాట తీసుకొని ఎమ్మిగనూరు బస్సెక్కారు.

మీ ఇంట్లోనూ ఎవరయినా పరదేశం పోతామంటే, ఎంత పట్టుకుపోతున్నావని మొదట అడగకండి. రోజుకు ఎంత వస్తుంది, తిరిగి వచ్చిన మర్నాడు ఏముంటుంది అని అడగండి. ఈ రెంటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన పిల్లకు పెట్టె సర్దడంలో సాయం చేయవచ్చు.