మడ అడవిలో ఒక పూట పాఠం

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు సెలవుల్లో యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటి జాతీయ పార్కులకు వెళ్తే, పిల్లలకు అక్కడ ‘జూనియర్ రేంజర్’ పుస్తకం చేతికిస్తారు. అందులో చెప్పినవి చూసి, రాసి, బొమ్మలు గీసి చూపిస్తే రేంజరు నాలుగు ప్రశ్నలడిగి, ప్రమాణం చేయించి, బ్యాడ్జి ఇస్తారు. అదే వయసు పిల్లలు తెనాలిలో, రేపల్లెలో, బాపట్లలో ఉన్నారు. వాళ్లకూ ఈ అవకాశం దక్కాలి.

బాపట్ల జిల్లాలో జాతీయ పార్కు లేదు. పిల్లలకు నేర్పడానికి కావలసిన ప్రకృతికి మాత్రం కొదవ లేదు. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యం ఉంది. సుమారు 195 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యంలోని మడ అడవిలో అరుదైన బావురు పిల్లి తిరుగుతుంది. చేపలు పట్టి తినే ఈ పిల్లిని ఆ పక్క ఊళ్ల పిల్లలే చాలామంది ఎరగరు.

మడ ఆకును ఎండలో కాస్త వంచి చూస్తే ఉప్పు రవ్వలు మెరుస్తాయి. వేళ్లతో పీల్చిన ఉప్పునీటిలోని ఉప్పును చెట్టు ఆకుల్లోంచి అలా బయటికి నెట్టేస్తుంది. చెట్టు చుట్టూ బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చినవి గాలి పీల్చుకునే వేళ్లు. పక్కనే ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే మాత్రం చూపుకే ముప్పు. ఏది ముట్టుకోవచ్చో, దేనికి దూరంగా ఉండాలో రోజూ ఆ కాలువల్లో పడవ నడిపే జాలరికి బాగా తెలుసు. అక్కడ మాస్టారు ఆయనే కావాలి, తగిన గౌరవ వేతనంతో.

బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానిది మరో పాఠం. ఏటా జనవరి మొదలు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటీ సుమారు వంద గుడ్లు పెడతాయి. ఇసుక వేడెక్కువైతే ఆడ కూనలు, చల్లగా ఉంటే మగ కూనలు ఎక్కువ. 45 నుంచి 60 రోజుల్లో గుడ్లలోంచి కూనలు బయటికొస్తాయి. కూనల్ని సముద్రంలోకి వదిలే రోజున పిల్లల్ని పిలిచి ఫొటోలు తీస్తే సరిపోదు. ఆ రెండు నెలలూ ఇసుక వేడిని కొలిచి, నోటుపుస్తకంలో రాసుకుని, లెక్క తేల్చే పని వాళ్లకే అప్పగించాలి.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. తెనాలి నుంచి రేపల్లెకూ బాపట్లకూ రైళ్లున్నాయి. 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు దారి చూపగలరు. సూర్యలంక అలలు ప్రమాదకరం కాబట్టి, నీళ్లలోకి దిగనివ్వకుండా ఒడ్డు మీదే పాఠం ముగించాలి.

అటవీ శాఖ, విద్యా శాఖ కలిసి కూర్చుని తెలుగులో ఓ ముప్పై పేజీల పుస్తకం, ఒక బ్యాడ్జి సిద్ధం చేయాలి. తాబేళ్లు వచ్చేలోపే, ఏడో తరగతి పిల్లలందరికీ ఏడాదికి ఒక పూట మడ అడవిలో, ఒక పూట తీరంలో అని బడి టైంటేబుల్లోనే రాయాలి.