తీర్మానం: పిల్లల ఒంటి మీది పసుపు బుడిపెలు కోసేముందు కొలెస్టరాల్ పరీక్ష తప్పనిసరి

(జిల్లా వైద్యుల సంఘం సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించినది)

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు సంక్రమించిన బిడ్డలో, రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను (ఎల్‌డీఎల్) కాలేయం సరిగా తీసేయలేదు. వైద్యం లేకపోతే ఎల్‌డీఎల్ సాధారణంగా డెసీలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటుతుంది. ఈ లోపం గుట్టు విప్పినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లోనే నోబెల్ బహుమతి వచ్చింది. అయినా ఇప్పటికీ గుండె దెబ్బతిన్నాక గాని జబ్బు బయటపడని పిల్లలున్నారు. ఇందుకు ఈ సమావేశం తీవ్ర ఆవేదన వ్యక్తం చేస్తున్నది.

నిజానికి జబ్బు ఒంటి మీదే కనబడుతుంది. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద పసుపు బుడిపెలు. మడమ వెనుక లావెక్కిన స్నాయువు. చేతివేళ్ల సందుల్లో పసుపు మచ్చలు. వేళ్ల సందుల్లో కూడా ఉంటే ఇక దాదాపు అనుమానమే అక్కర్లేదు. బుడిపె కోసి, కుట్లు వేసి, లిపిడ్ ప్రొఫైల్ రాయకుండా ఇంటికి పంపితే జబ్బును చూసి కూడా వదిలేసినట్టే.

లోపల కొవ్వు బృహద్ధమని మొదట్లోనే పేరుకుంటుంది. కవాటం బిగుసుకుంటుంది, దాని పైభాగం ఇరుకవుతుంది, కరోనరీ నాళాల నోళ్లే పూడుకుపోతాయి. పరుగెత్తుతూ ఛాతీ పట్టుకుని ఆగిపోయిన బిడ్డకు, ఆటలో కళ్లు తిరిగి పడిపోయిన బిడ్డకు ‘ఈ వయసులో గుండెజబ్బేమిటి’ అని సర్దిచెప్పరాదు. గుండెలో మర్మర్, కీళ్లనొప్పులు రెండూ ఉన్నాయని రుమాటిక్ జ్వరంగా పొరబడే ప్రమాదమూ ఉంది.

కనుక, ఇలాంటి బుడిపెలతో వచ్చిన ప్రతి బిడ్డకూ కత్తి పట్టకముందే లిపిడ్ ప్రొఫైల్ చేయించాలని, జబ్బు తేలితే వెంటనే ఎకో తీయించాలని తీర్మానించడమైనది. కొలెస్టరాల్ తగ్గినా కవాటం ఇరుకు ముదరవచ్చు. అందుచేత ఎకో ఏటా తీయాలి.

అమ్మానాన్నలకు, తోబుట్టువులకు కూడా అదే వారంలో పరీక్ష చేయించాలి. తల్లిదండ్రులిద్దరిలో చెరో లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మేనరికాలు ఎక్కువైన మన ప్రాంతంలో ఈ మాట దాచకుండా చెప్పాలి. అయితే మేనమామకో, మేనబావకో ఇచ్చి చేసిన తల్లిని దోషిగా నిలబెట్టే మాట ఒక్కటీ మన నోట రాకూడదు.

నెయ్యి మానేయమని చెప్పి పంపడం ఈ జబ్బుకు వైద్యం కాదు. స్టాటిన్, ఎజెటిమైబ్ చిన్ననాడే మొదలుపెట్టాలి. అవి చాలని పిల్లలకు రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను యంత్రంతో వడకట్టే అఫరెసిస్ వారానికో, రెండు వారాలకో కావాలి. ఆ ఖర్చు కూలి కుటుంబం మోయలేదు. కాబట్టి ఈ చికిత్సకు, జీవితాంతం వాడే మందులకు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద పూర్తి ఖర్చు భరించాలని, బడిపిల్లల ఆరోగ్య తనిఖీలో మోచేతులు, మడమలు చూడటం చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానించడమైనది.

తీర్మానం ప్రతులను జిల్లా వైద్యాధికారికి, జిల్లాలోని చర్మ, శస్త్రచికిత్స, పిల్లల వైద్యులందరికీ ఈ నెలాఖరులోగా కార్యదర్శి అందజేయాలి.