దేవుడు క్షమించాడు, మరి మనుషులకు లెక్క?



కంబోడియా రాజధాని నామ్ పెన్‌లో తూల్ స్లెంగ్ చూశాము. అది ఒకప్పుడు హైస్కూలు. 1975లో ఖ్మేర్ రూజ్ నగరాన్ని పట్టుకుని జనాన్ని పల్లెలకు వెళ్లగొట్టింది. తరువాత ఆ స్కూలును చెరసాలగా మార్చింది. తరగతి గదుల్లో ఇటుకలతో కట్టిన ఇరుకు కొట్లు ఇంకా ఉన్నాయి. గోడల నిండా ఖైదీల ఫోటోలు, వారిలో పిల్లలూ ఉన్నారు. కనీసం 12 వేలమందిని చంపడానికి అక్కడ బంధించారు.

ఆ చెరసాల అధికారి డుచ్ అంతకుముందు లెక్కల మాస్టారు. 1990లలో బాప్తిస్మము తీసుకున్నాడు. 2009లో కోర్టులో నేరం ఒప్పుకుని క్షమించమని అడిగాడు. విచారణ చివరి రోజున మాత్రం తనను విడిచిపెట్టమన్నాడు. 2012లో యావజ్జీవ శిక్ష ఖాయమైంది.

అతణ్ణి దేవుడు క్షమించగలడా? క్షమించగలడనే నమ్ముతున్నాము, లేకపోతే మనకూ నిరీక్షణ లేదు. కానీ ఆ ఫోటోల ముందు ఆ మాట పైకి అనలేకపోయాము.

"దేవుడు క్షమించాడు, ఇక అడగడానికి మీరెవరు?" అనే మాట మన సంఘాల్లోనూ వింటున్నాము. అది పశ్చాత్తాపం కాదు. జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. తీసిన ప్రాణాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు గనుక, అలాంటివాడు శిక్షకు తలవంచాలి. మనం ఇవ్వగలిగినది ఇంకా మన చేతిలోనే ఉంది. ఎవరికి అన్యాయం చేశామో, ఈ ఆదివారం లోపు వారి గడప తొక్కుదాం.